విశాఖ నుంచి బి.ఎ. క్లాసుకు వెళ్ళిన పసివాడు

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో జూనియర్ బి.ఎ. ఇంగ్లీషు క్లాసు. ప్రొఫెసర్ ఇలియట్ దృష్టి ఓ బక్కపల్చని కుర్రాడి మీద పడింది. నిజంగా ఈ క్లాసువాడివేనా అని అడిగారు. అవునన్నాడు కుర్రాడు. అయితే వయసెంత అన్నది రెండో ప్రశ్న. పద్నాలుగేళ్ళ ఈడున్న ఆ కుర్రాడు విశాఖపట్నం నుంచి వచ్చాడు. పేరు చంద్రశేఖర వెంకట రామన్.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో పుట్టాడు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు 1892లో విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం రావడంతో కుటుంబం ఇక్కడికి చేరింది. పదకొండేళ్ళకు మెట్రిక్, పదమూడేళ్ళకు ఎఫ్.ఎ. రెండూ విశాఖలోనే పూర్తయ్యాయి. ఎఫ్.ఎ. అంటే ఇప్పటి ఇంటర్. మన ఊళ్ళలో ఆ వయసు పిల్లలు ఎనిమిదో తరగతిలో ఉంటారు.

1904లో బి.ఎ. ప్యాసయ్యాడు. కాలేజీలో మొదటి స్థానం, భౌతికశాస్త్రంలో బంగారు పతకం.

సీమ ప్రయాణం ఆగింది

ఇంత చిన్నవాడు ఇంత చదివాడు కదా, పై చదువుకు ఇంగ్లండు పంపండి అన్నారు గురువులు. మద్రాసు సివిల్ సర్జన్ పరీక్షించి, ఆ చలిని ఈ శరీరం తట్టుకోలేదని తేల్చేశారు. చదువు ముందుకు పరుగెత్తింది గాని ఒళ్ళు దానితో సమంగా ఎదగలేదు. దాంతో ఎం.ఎ.కి అదే కాలేజీలో చేరాడు.

నిజానికి ఇదీ ఒకందుకు మంచిదే అయింది. అక్కడ భౌతికశాస్త్రం ప్రొఫెసర్ జోన్స్. క్లాసుకు రావడం, రాకపోవడం రామన్ ఇష్టానికే వదిలేశారు. లేబొరేటరీలో ఏ పరికరం ముట్టుకున్నా అడ్డు చెప్పలేదు. హాజరు పట్టీ పట్టుకుని కూర్చునే మాస్టారైతే కథ మరోలా ఉండేదేమో!

ఒకనాడు గాజు పట్టకం కోణం కొలుస్తుండగా రామన్‌కు వెలుగు చారలు కనిపించాయి. వెలుగు బాగా ఏటవాలుగా పడితే ఆ చారలు రెండు వైపులా ఒకే తీరుగా లేవు. పాఠ్యపుస్తకం పని అక్కడితో సరి. రామన్ మాత్రం ఎందుకిలా అని పట్టుకున్నాడు. కొలిచి, లెక్క కట్టి, వ్యాసం రాశాడు. జోన్స్‌కు చూపితే ఎంతకీ అభిప్రాయం రాలేదు. ఇక ఆగక తానే లండన్‌కు పంపాడు. 'ఫిలసాఫికల్ మ్యాగజైన్' 1906 నవంబరు సంచికలో అది అచ్చయింది. అప్పటికి రామన్‌కు పద్దెనిమిదేళ్ళు.

పద్దుల ఉద్యోగం

1907లో ఎం.ఎ. ప్యాసయ్యాడు. అయితే ఆ రోజుల్లో మన దేశంలో సైన్సు చదివినవాడికి బతుకుతెరువు ఎక్కడిది? పోటీ పరీక్ష రాసి, అందులోనూ మొదటివాడుగా నిలిచి, ఆర్థికశాఖలో చేరాడు. కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్ ఉద్యోగం. జీతం మంచిదే. కాని పని పద్దులు చూడడం!

ఆ నగరంలోనే బౌ బజార్ వీధిలో సైన్సు పరిశోధనకు ఒక సంస్థ ఉంది. పరికరాలున్నా వాడేవారు తక్కువ. రామన్ వెళ్ళి అడిగారు. తలుపు తెరిచారు. అప్పటి నుంచి 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యేదాకా, కలకత్తాలో ఉన్నన్నాళ్ళూ, ఆఫీసుకు ముందూ ఆఫీసు విడిచాకా రామన్ గడిపింది అక్కడే.