మన సరుకు, ఎవులి సైటు?

పొందూరు ఖద్దరు మనది. బొబ్బిలి వీణ మనది. పలాస జీడిపప్పు మనది. గాని ఫోన్లోన ఈ పేర్లు కొట్టినోడు ముందు ఎవులి కాడికి వెళ్తన్నాడు? చాలాసార్లు మన కాడికి కాదు. ఎక్కడో పెద్ద పట్నంలోన కూకుని, మగ్గం మొహం ఎప్పుడూ చూడనోడు పెట్టిన పేజీకి వెళ్తన్నాడు. ఆడి సరుకు గొప్పదనీసి కాదు. ఆడు రాసి పెట్టినాడు, మనం రాయలేదు.

రాయడం రాక కాదు మరి. మన జిల్లాల్లోన డిగ్రీ చదివిన గుంటలు చాలామంది సైటో, బ్లాగో పెట్టినోళ్లే. పెట్టి ఏటి రాస్తన్నారు? ఉద్యోగాల నోటిఫికేషన్లు, పదో తరగతి ఫలితాలు, సినిమా కలెక్షన్లు. అవి రాయడం తప్పని అనను. గాని ఆ మాటల మీద పోటీ ఎవులితో? పేరున్న పత్రికల సైట్లతో, అచ్చం ఇవే రాసే ఇంకో వందమందితో. ఫలితాలొచ్చిన రోజు నాలుగు క్లిక్కులు పడతాయి, మర్నాటికి సైటు మళ్లీ ఖాళీ. అదే శక్తి మనకి మాత్రమే తెలిసిన దాని మీద పెడితే ఎలగుంటాదో చూద్దాం. దానికి ముందు సెర్చ్ ఎలగ పనిచేస్తాదో కొంచెం తెలియాలి.

గూగుల్‌ని 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు మొదలెట్టినారు. ఆళ్ల ఆలోచన మనకి తెలిసిందే. మానాపురం సంతకి ఎద్దులు కొనడానికి వెళ్లినోడు ముందు ఏటి చేస్తాడు? నలుగుర్ని అడుగుతాడు. నలుగురూ ఒకే రైతు పేరు చెప్తే అటు నడుస్తాడు. చెప్పినోడు ఎద్దుల గురించి తెలిసినోడైతే ఆ మాటకి ఇంకా బరువు. ఒక సైటు ఇంకో సైటుకి లింకు ఇస్తే అది అలగ చెప్పిన మాటే అనీసి గూగుల్ లెక్క. ఇప్పుడు ఆ ఒక్క లెక్కే కాదు, ఇంకా చాలా చూస్తాది గాని పునాది అదే. రోజూ దాని ప్రోగ్రాములు పేజీ నుంచి పేజీకి తిరుగుతాయి, చదివింది పెద్ద చిట్టాలోన రాసుకుంటాయి. ఎవులైనా ఏదైనా అడిగితే ఆ చిట్టాలోంచి తీసి వరస కట్టి చూపిస్తాయి. ఆ వరసలోన మన పేజీ పైకొచ్చేలాగ సర్దుకోవడాన్నే ఎస్ఈఓ అంటన్నారు. అంతకు మించి మంత్రం ఏటీ లేదు.

ఇందులోన ఒక మెలిక ఉన్నాది. చదవగలిగితేనే చిట్టాలోకి ఎక్కుతాది. తెలుగుకి ఈ దెబ్బ ఒకసారి గట్టిగానే తగిలింది. యూనికోడ్‌లోన తెలుగు అక్షరాలకి 1991లోనే చోటు దొరికినా, ఆ తరవాత చాలా ఏళ్లు ఈనాడు లాంటి పెద్ద పత్రికల సైట్లు కూడా సొంత ఫాంట్లే వాడినాయి. మనిషి కంటికి తెలుగే కనిపించేది. యంత్రానికి మాత్రం అర్థంలేని గుర్తులు. వెతికితే దొరికేది కాదు. వెన్న నాగార్జున అనే ఆయన ఆ ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే పరికరం తయారుచేసినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి నాంది పలికింది కూడా ఆయనే. అందరూ యూనికోడ్‌కి మారినాకే మన భాష వెతికితే దొరికే భాష అయినాది.

ఇంత కష్టపడి బయటపడినాం కదా, మళ్లీ అదే గోతిలోన పడతన్నాం. వాట్సాప్ గ్రూపుల్లోన చూడండి. ఊరి వార్త పోస్టరు, జాతర వివరాలు పోస్టరు, దుకాణం రేట్ల పట్టీ పోస్టరు. అంతా బొమ్మే. సెర్చ్ యంత్రాలు ఇప్పుడు బొమ్మలోని అక్షరాల్ని కొంత చదువుతాయి గాని, వాట్సాప్ గ్రూపులోకి అవి రానే రావు. పోస్టరు రెండు రోజులు తిరిగి మాయమైపోతాది. అదే సంగతి నాలుగు పేరాల్లోన టైపు చేసి సైటులోన పెడితే వచ్చే ఏడాది జాతరకి కూడా దొరుకుతాది. బొమ్మ పెట్టొద్దని కాదు. పెట్టి, అందులోన ఏటున్నాదో కింద అక్షరాల్లోన కూడా రాయండి.

ఇప్పుడు అసలు విషయం, మాటలు. జనం ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు మన పేజీలోన ఉండాలి. బొబ్బిలి సంగతే తీసుకోండి. బొబ్బిలి అన్న ఒక్క మాట మీద ఎంతమంది కూకున్నారో తెలుసా? 1757 నాటి యుద్ధం ఉన్నాది. 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా, 1982లో ఎన్టీఆర్ ‘బొబ్బిలి పులి’, 1990లో వెంకటేష్ ‘బొబ్బిలి రాజా’ ఉన్నాయి. పనస చెక్క మీద ఉలి ఆడించే పనివాడు ఈళ్లందర్నీ దాటుకుని పైకి రావాలంటే అయ్యే పనేనా? ఆ ఒక్క మాట మీద కాదు. గాని “బొబ్బిలి వీణ ధర ఎంత”, “నేర్చుకునే పిల్లలకి ఏ వీణ కొనాలి”, “ఏకాండి వీణ అంటే ఏటి”, “గొల్లపల్లిలో వీణలు ఎవులు చేస్తారు” అని అడిగినోడికి ఎన్టీఆర్ గారు జవాబు చెప్పలేరు కదా. ఈ పొడుగు ప్రశ్నలు అడిగేవాళ్లు తక్కువమందే. అయితే అడిగినోడు ఊసుపోక అడగడు, కొనడానికే అడుగుతాడు. ఒకే మొద్దులోంచి తొలిచిన ఏకాండి వీణకీ, ముక్కలు అతికిన వీణకీ తేడా ఏటో, చెక్క ఎన్నాళ్లు ఆరాలో ఆ పనివాడి నోటంట విని రాస్తే, దాన్ని మించిన పేజీ ఇంకెవులూ పెట్టలేరు.

పలాసకి వస్తే మాట ఇంకా తేలుతాది. పుస్తకాల్లోన, సర్కారు కాగితాల్లోన “జీడిమామిడి గింజలు” అనీసి ఉంటాది. ఉద్దానం రైతు అలగ అంటాడేటి? “జీడిపిక్కలు” అంటాడు. కిలో రేటు అడగడు, 80 కిలోల బస్తా ఎంత అని అడుగుతాడు. మరి ఆ రైతు ఫోన్లోన “జీడిపిక్కల బస్తా రేటు” అంటే, కిలోల్లోన, క్వింటాళ్లలోన రాసిన పేజీ ఆయనకి ఏం పనికొస్తాది? 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో మాటాడి వెతికే సదుపాయం పెట్టింది. అప్పటి నుంచి టైపు చేయడం రాని పెద్దలు కూడా ఫోనుకి చెప్పి వెతుకుతన్నారు. ఆళ్లు మాటాడేది పుస్తకం భాష కాదు, ఇంటి భాష. ఇక్కడే మన గుంటలకి బయటోళ్ల కంటే ఒక అడుగు ముందుండే అవకాశం. మన మాట మనకి వచ్చు. పేజీలోన “జీడిపిక్కలు” రాయండి, ఒకచోట “జీడిమామిడి గింజలు” అని కూడా రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లోన తెలుగు కొట్టేవాళ్లు బోల్డుమంది, ఆళ్ల కోసం పేజీ చిరునామాలోన ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోన ఉంచండి. అంతేగాని ఒకే మాటని పేరాకి పదిసార్లు కుక్కొద్దు. అది యంత్రానికి నచ్చదు, చదివినోడికి చిరాకు.

పొందూరు మీద రాసినవి తక్కువేటి కాదు. గాంధీ మెచ్చుకున్నాడన్న ముక్క, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారన్న ముక్క ఎన్ని సైట్లు తిప్పితిప్పి రాసినాయో లెక్కలేదు. ఒకరిది ఒకరు కాపీ. గాని కొనాలనుకున్నోడికి కావల్సింది వేరు. అసలు పొందూరు ఖద్దరుని చేత్తో పట్టుకుని ఎలగ గుర్తుపట్టాలి? నూరు కౌంటు నూలంటే ఏటి, ధర అందుకు ఎందుకు పెరుగుతాది? పంచె ఎలగ ఉతకాలి, గంజి పెట్టాలా? ఆదివారం దుకాణం తెరుస్తారా? ఒక పంచె నేయడానికి ఎన్ని రోజులు పడతాది, అందులో నేసినోడికి ఏటి మిగులుతాది? వెళ్లి నూలు వడికే అప్పని ఒక గంట అడిగితే ఇవన్నీ తెలుస్తాయి. నాలుగు ఫొటోలు సొంతంగా తీయండి. ఫొటో ఫైలుకి నంబర్లు కాకుండా పేరు పెట్టండి. ఫొటోలోన ఏటున్నాదో ఒక వాక్యం రాయండి, ఆ వాక్యం చూపులేనివాళ్ల ఫోను చదివి వినిపిస్తాది, యంత్రమూ చదువుకుంటాది.

పాత సమాచారం సరిచేయడం కూడా మంచి పనే, దాన్ని ఎవులూ పట్టించుకోరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినాయి. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, రాజాం విజయనగరంలోకి వచ్చింది. అంతకు ముందు రాసిన పేజీల్లోన పాత జిల్లాలే ఉంటాయి కదా. సర్టిఫికెట్టు కోసం ఏ ఆఫీసుకి వెళ్లాలో తెలియక తిరిగే మనిషికి, ఈరోజు తేదీతో సరైన సంగతి రాసిన చిన్న పేజీ కావాలి. పెద్ద సైట్లు రాజాం కోసం కూకుని దిద్దవు. మీరు దిద్దగలరు.

అడ్డదారులు లేవా అంటే ఉన్నాయి, అవి ఎక్కువ రోజులు నడవవు. పనికిమాలిన రాతలతో నింపిన సైట్లని 2011లో గూగుల్ ‘పాండా’ అనే మార్పుతో కిందకి తోసింది. లింకులు డబ్బిచ్చి కొనుక్కున్న సైట్లకి 2012లో ‘పెంగ్విన్’ దెబ్బ తగిలింది. 2024 మార్చిలో, జనం కోసం కాకుండా ర్యాంకు కోసమే కుప్పలుగా తయారుచేసే పేజీల మీద నియమాలు గట్టిచేసింది. రాసింది మనిషైనా ఏఐ అయినా తేడా లేదు. “మొదటి స్థానం గ్యారంటీ, ఇంత కట్టండి” అని ఫోన్లు వస్తాయి మీకు. అలగ గ్యారంటీ ఎవులూ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. దొంగ క్లిక్కులు కొంటే ఉన్న యాడ్సెన్స్ ఖాతా కూడా పోతాది.

ఇంకో అడ్డదారి నాకు అస్సలు నచ్చదు. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని తుడిచిపెట్టింది. ఇప్పుడు బంగాళాఖాతంలోన అల్పపీడనం అంటే చాలు, పాత తుపాను ఫొటో పెట్టి “శ్రీకాకుళానికి పెను ముప్పు” అనీసి పేజీలు వేసేవాళ్లున్నారు. క్లిక్కులు వస్తాయి, నిజమే. వజ్రపుకొత్తూరు తీరంలోన వలలు ఒడ్డుకి లాక్కుని నిద్రపోని మనిషి భయమే ఆ క్లిక్కు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పుకుందాం. 2018 నుంచి గూగుల్ యాడ్సెన్స్ తెలుగు పేజీలకి ప్రకటనలు ఇస్తన్నాది. అయితే తెలుగు పేజీకి వచ్చే రాబడి ఇంగ్లీషు పేజీ కంటే సాధారణంగా తక్కువే. పైగా ఇప్పుడు గూగుల్ జవాబుని ఏఐతో అక్కడే పైన చూపించేస్తన్నాది, కిందున్న సైటు తెరవకుండానే చాలామంది వెళ్లిపోతన్నారు. అందుకే ప్రకటనల మీద బతుకుదాం అన్న లెక్క నాకు నచ్చలేదు. ఫలితాలు చూసి పోయే నలభై వేలమంది కంటే వీణ కొనాలని వచ్చే నలభై మంది మేలు. ఏఐ పొందూరు చరిత్ర చెప్పగలదు. ఈ వారం ఏ సైజు పంచెలు ఉన్నాయో, ఎవులికి ఫోన్ చేయాలో మీరు రాస్తేగాని దానికీ తెలీదు.

ఖర్చు పెద్దగా లేదు. బ్లాగర్ ఉచితం. సైటు కూడా వద్దనుకున్న దుకాణానికి గూగుల్ మ్యాప్‌లోన బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, మీ వీధిలో స్వీటు కొట్టుకి ముందు అదే పెట్టించండి. సైటు ఉన్నోళ్లు సెర్చ్ కన్సోల్ తప్పకుండా పెట్టుకోవాలి, అదీ ఉచితమే. జనం ఏ మాటలు కొట్టినప్పుడు మీ పేజీ కనిపించిందో, ఎంతమంది నొక్కినారో అందులోన ఉంటాది. చాలామందికి కనిపించి ఎవులూ నొక్కకపోతే టైటిల్ బాగోలేదన్నమాట. మీరు జవాబు రాయని ప్రశ్నకి మీ పేజీ కనిపిస్తన్నాదంటే, తరవాత రాయాల్సింది అదే. నేనైతే ఏ కోర్సుకీ డబ్బు కట్టకుండా ఆరు నెలలు ఈ పట్టిక చూడమంటాను.

ఒక్కటి మరవొద్దు. పేజీ పెట్టిన మర్నాడే పైకి రాదు. కొత్త సైటుకి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాది. ఉద్దానంలోన జీడిపిక్కలు వేసవిలో రాలతాయి, అప్పుడే అందరూ రేటు వెతుకుతారు. ఆ పేజీ సంక్రాంతి పిండివంటలు అయ్యేలోపు పెట్టేసి, మార్చి నుంచి వారం వారం రేటూ తేదీ మార్చుకుంటూ పోవాలి.