నేలకి జీవామృతం పోస్తున్నాం, మరి మన పొట్టకి?



పొద్దున ఐదింటికి లేవగానే ఒక టీ. పొలం గట్టు మీద ఇంకొకటి. పదకొండైనా కడుపులో ముద్ద పడదు. అప్పటికి గుండె దడ, చేతుల్లో వణుకు, చిన్న మాటకే కోపం. వాన లేదనో, అప్పు తీరలేదనో దిగులు అనుకుంటాం. దిగులు నిజమే. కానీ అందులో కొంత ఖాళీ కడుపు చేసే పని కూడా ఉంటుంది.

తినకుండా ఒళ్లు వంచి పని చేస్తే రక్తంలో చక్కెర తగ్గొచ్చు. దాన్ని నిలబెట్టడానికి శరీరం అడ్రినలిన్ వదులుతుంది. భయపడ్డప్పుడు వచ్చేదీ అదే. పైగా టీలో కెఫీన్ దడని పెంచుతుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం ఆరింటికి తాగిన టీ రాత్రి పదకొండింటికీ నిద్ర చెడగొడుతుంది. నిద్ర లేకపోతే మర్నాడు ఆందోళన పెరుగుతుంది.

ఇక పేగు సంగతి. ఎకరాకి 200 లీటర్ల జీవామృతం పోసేది నేలలో సూక్ష్మజీవులు పెరగడానికి. అలాంటి సూక్ష్మజీవులు మన పేగుల్లోనూ కోట్లకొద్దీ ఉన్నాయి. వాటి మేత పీచు పదార్థం. పేగుకీ మెదడుకీ మధ్య వేగస్ నరం ద్వారా కబుర్లు నడుస్తూనే ఉంటాయి.

ఆస్ట్రేలియాలో కుంగుబాటుతో ఉన్న 67 మందిపై చేసిన ఒక పరిశోధన 2017లో వచ్చింది. 12 వారాలు పప్పులు, కూరగాయలు, ముడిధాన్యాలు, గింజలు పెంచి తిన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మంది కోలుకున్నారు. తిండి మార్చకుండా మాటల తోడు మాత్రం పొందినవాళ్లలో 8 శాతమే. చిన్న పరిశోధనే, అయినా దారి చూపిస్తోంది.

విచిత్రం ఏమిటంటే, కొర్రలు, రాగులు పండించి పట్నానికి పంపేది మనమే. ఇంట్లో పాలిష్ బియ్యం, బిస్కెట్లు తినేదీ మనమే!

రేపటి నుంచి ఇలా చేసి చూడండి:

• టీ కంటే ముందు మజ్జిగ కలిపిన చద్దన్నం గానీ, రాగి అంబలి గానీ.
• పొలానికి వేయించిన పల్లీలో, ఉడికించిన అలసందలో మూట కట్టుకోండి.
• మధ్యాహ్నం పప్పు, ఆకుకూర తప్పనిసరి.
• మూడు దాటాక టీ వద్దు.
• దిగులుకి మందు కొట్టడం అసలొద్దు. అది నిద్రనీ పాడు చేస్తుంది, తెల్లారాక బెంగనీ పెంచుతుంది.

ఒక్క మాట. తిండితో అప్పు తీరదు, మానసిక జబ్బుకి తిండి ఒక్కటే వైద్యమూ కాదు. వాడే మందులు మానొద్దు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి మార్చుకోండి. రెండు వారాలకి పైగా నిద్ర లేకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

రాత్రే పిండి కలిపి పులియబెట్టే అంబలి తయారీ వీడియోలో ఉంది, చూడండి. పండించే చేతికి ముందు ముద్ద అందాలి.