బందరు కోటకి గోడ ఏది?

అశోక్ నగర్‌లో మా తాతయ్య గది కిటికీ తీస్తే గ్రూప్స్ కోచింగ్ హోర్డింగులే కనిపిస్తాయి. ఆయన 1978లో బందరు వదిలి చిక్కడపల్లిలో అద్దెకి దిగారు. మళ్ళీ అటు వెళ్ళలేదు. సంక్రాంతి సెలవుల్లో నేను మచిలీపట్నం వెళ్తున్నానంటే, "కోట చూసి రా. సముద్రం ఎంత దూరంలో ఉందో చెప్పు" అన్నారు. అంతే.

నేను తెలుగు కొంచెం స్లోగా చదువుతా. అయినా వెళ్ళేముందు రెండు సాయంత్రాలు సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్నా (అక్కడ సీటు దొరకడమే ఒక పోటీ పరీక్ష).

బందర్ అంటే పారసీలో రేవు. గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు గుమ్మం ఇదే. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి వ్యాపారం పెట్టారు. 1750లో ఊరు ఫ్రెంచివారి చేతికొచ్చింది. కోటకి బురుజులు, కందకం ఉన్నా అసలు కాపలా చుట్టూ ఉన్న ఉప్పు బురద. పోటొస్తే నీళ్ళు, ఆటొస్తే ఊబి.

1759 ఏప్రిల్ 7. కోట బయట ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్. చేతిలో డబ్బుల్లేవు, సైన్యం తక్కువ. ఫ్రెంచివారికి సాయంగా నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో దగ్గర్లోనే ఉన్నాడు. అర్ధరాత్రి ఆటు సమయం చూసుకుని దాడి మొదలెట్టారు. నైరుతిలో, ఎవరూ రారనుకున్న బురద వైపు నుంచి ఉత్తుత్తి కాల్పులు. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజు మీద. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడినవాళ్ళు పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువమంది! మన నెట్‌వర్క్స్ లాబ్‌లో ఫైర్‌వాల్ గురించి చెప్పేటప్పుడు ఈ కథ చెప్తే ఒక్కడూ నిద్రపోడు. మే 14న సలాబత్ జంగ్ పార్టీ మార్చి ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు. అంటే మన హైదరాబాద్ రాజకీయం కూడా ఆ బురదలోనే మలుపు తిరిగింది.

కానీ ఆ బురద నీళ్ళని ఆపలేదు. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. ఉప్పెనంటే పెద్ద కెరటం అనుకునేవాణ్ణి, కాదు. తుఫాను గాలి నీళ్ళని ఒడ్డుకి తోస్తూనే ఉంటుంది. ఇక్కడ తీరం దగ్గర లోతు తక్కువ, కాబట్టి ఆ నీళ్ళు వెనక్కి పోలేక పైకి లేస్తాయి. నేలేమో బల్లపరుపు. ఇంక అడ్డేముంది? 1977 నవంబర్ 19న దివిసీమలోనూ అదే జరిగింది. తాతయ్య చెల్లెల్ని ఇచ్చింది దివిసీమలోనే. మా ఇంట్లో ఆవిడ ఫోటో కూడా లేదు.

కోటలో ఇప్పుడు ఆయుధాగారం, గంట గోపురం, కూలిన ఇటుకలు, తుమ్మ చెట్లు. గోడ కోసం చాలాసేపు తిరిగా. తర్వాత తాతయ్యకి వీడియో కాల్ చేశా.

"ఎంత దూరంరా?"

"ఇక్కణ్ణించి కనిపించట్లేదు తాతయ్యా."

"వాసనొస్తోందా?"

వస్తోందన్నా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, తొక్కుడు లడ్డు అరకేజీ చాలు, ఎక్కువ తేవద్దన్నారు.