తీరిక లేని దినచర్యలో దేహశ్రమకు చోటు

శిడ్లఘట్ట తాలూకా సాదలి హోబళి పల్లెల్లో పట్టుపురుగులు పెంచే ఇంట తెల్లవారకముందే పని మొదలవుతుంది. మల్బరీ కోత, పురుగులకు మేత, డెయిరీకి పాలు, పిల్లల బడి... ఇన్ని పనుల నడుమ వ్యాయామానికి వేళ ఎక్కడిదన్న ప్రశ్న సహజమే. పొద్దంతా పనిచేసేవారికి అది ఎందుకన్న సందేహమూ సహజమే.

పని తగ్గలేదు గాని, పనిలో దేహం కదిలే పాలు తగ్గింది. తోటకు మోటారు సైకిలు, బోరుబావికి మీట, మొక్కలకు డ్రిప్పు గొట్టాలు, వంటింట మిక్సీ వచ్చాయి. ఇవి అవసరమైనవే, వీటిని వదలమనడం న్యాయం కాదు. అయితే నడక తగ్గినకొద్దీ, ఒకప్పుడు పట్టణాల జబ్బులనుకున్న మధుమేహం, రక్తపోటు పల్లెలకు చేరాయి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని అందులో అంచనా వేశారు.

పనిలోని కదలికకు విలువ

1953లో లండన్ బస్సు సిబ్బందిపై జెరెమీ మోరిస్ బృందం ఒక పరిశీలన ప్రకటించింది. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. కండక్టర్లు వేరుగా వ్యాయామశాలకు వెళ్ళినవారు కారు. వారి ఉద్యోగంలోనే కదలిక ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకం శ్రమ కావాలి. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగమే మధ్యరకం శ్రమ. ఒక్కసారిగా కనీసం 10 నిమిషాలు చేయాలన్న పాత నియమాన్ని ఆ సంస్థ అప్పుడే తొలగించింది. ఐదేసి నిమిషాలు కూడా లెక్కకు వస్తాయి.

ఎలా కలుపుకోవాలి?

డెయిరీకి పోయిరావడానికి 15 నిమిషాలు పట్టే ఇంటివారు ఉదయం, సాయంత్రం వడిగా నడిస్తే రోజుకు 30 నిమిషాలు అవుతాయి. ఐదు రోజుల్లో 150 పూర్తవుతాయి. శిడ్లఘట్టకో, చింతామణికో బస్సులో వెళ్ళేవారు ఒక స్టాపు ముందే దిగవచ్చు. అంగడి గల్లా వద్ద, కుట్టుమిషను ముందు కూర్చునేవారు అరగంటకొకసారి లేచి తిరగాలి. కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను వినియోగించుకుంటాయి. కనుక రాత్రి భోజనానంతరం వీధిలో 10 నిమిషాలు నడవడం మేలు. వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే శ్రమ ఉండాలి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం అందుకు మంచి ఆరంభం.

నాలుగో జ్వరం దాటిన పురుగులు మొత్తం ఆకులో ఎక్కువ భాగం ఆ చివరి వారంలోనే తింటాయి. ఆ రోజుల్లో ఇంటివారికి కావలసింది అదనపు నడక కాదు, నిద్ర. గూళ్ళు మార్కెట్టుకు చేరిన తరువాత, మరుసటి పంట వచ్చేదాకా నడకను తిరిగి అలవరచుకోవచ్చు.

ఇంటిల్లిపాది బాధ్యత

2022 నాటికి దేశంలో తగినంత దేహశ్రమ లేని స్త్రీలు నూటికి 57 మంది, పురుషులు 42 మంది అని 2024లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. పొయ్యి వద్దా, పురుగుల ఇంటా పనంతా ఇల్లాలిదే అయితే ఆమె నడకకు తీరిక దొరకదు. సాయంత్రం గిన్నెలు కడగడమో, ఆకు వేయడమో మగవారు పంచుకుంటే ఆమెకు ఆ 20 నిమిషాలు మిగులుతాయి.

గుండెజబ్బు ఉన్నవారు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని సలహాతో మొదలుపెట్టాలి. కాళ్ళకు చెప్పులు తప్పనిసరి. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం కలిగితే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలినవారు రేపటి పాలక్యానుతోనే ఆరంభించవచ్చు.