పాత కాగితాల పాస్టర్ గారు

హంగేరీవాళ్ళకీ మనకీ ఒక పోలిక ఉంది. వాళ్ళు కూడా ఇంటిపేరు ముందు రాసి, పెట్టిన పేరు తరవాత రాస్తారు. అమెరికా వచ్చాక ఫారాలు నింపడం కోసం మనలాగే పేరు తిరగేసుకోక తప్పలేదు. అలా వష్వారి ఓడొన్ గారు ఇక్కడ ఎడ్మండ్ వష్వారి అయ్యారు. అమెరికా హంగేరియన్ల చరిత్ర ఈరోజు ఇంత వివరంగా తెలుస్తోందంటే అందులో ఆయన చలవ చాలా ఉంది.

ఆయన 1888లో సెగెడ్ పట్టణంలో పుట్టారు. తీసా నది ఒడ్డున ఉన్న ఈ ఊరు మన గుంటూరులా మిరపపొడికి ప్రసిద్ధి. కారం మాత్రం మనవాళ్ళ నాలుకకి ఆనదు లెండి! 1914లో అమెరికా వచ్చి, రిఫార్మ్డ్ చర్చిలో పాస్టర్‌గా పనిచేశారు. తరవాత వాషింగ్టన్‌లో హంగేరియన్ రిఫార్మ్డ్ ఫెడరేషన్‌లో చేరారు. ఇలాంటి సంఘాలు ఆ రోజుల్లో బొగ్గుగనుల్లోనూ ఉక్కు కర్మాగారాల్లోనూ పనిచేసే వలసకూలీల దగ్గర నెలనెలా కొంత చందా తీసుకుని, మనిషి పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చేవి. సంఘం అంటే పండగలు, పాటలు మాత్రమే కాదన్నమాట.

వష్వారి గారి అసలు పని కాగితాలు దాచడం. పత్రికల్లో వచ్చిన వార్తల ముక్కలు, మరణవార్తలు, ఉత్తరాలు, చర్చి వార్షికోత్సవాల పుస్తకాలు, పంచాంగాల్లాంటి సంవత్సర పుస్తకాలు, ఒకటేమిటి, అమెరికాలో హంగేరియన్ పేరు కనబడ్డ కాగితమల్లా ఆయనకి కావలసిందే. మనమైతే ఇల్లు సర్దేటప్పుడు ముందుగా చెత్తబుట్టలో పడేసేవి ఇవే కదా! ఆయన దశాబ్దాల తరబడి వాటిని పోగుచేసి, పేర్ల వరసన వేల కార్డులు రాసి పెట్టుకున్నారు. వాటి ఆధారంగా ఇక్కడి హంగేరియన్ పత్రికల్లో వ్యాసాలు రాశారు.

1939లో ఆయన ‘లింకన్స్ హంగేరియన్ హీరోస్’ అనే పుస్తకం తెచ్చారు. అమెరికా అంతర్యుద్ధంలో లింకన్ పక్షాన పోరాడిన హంగేరియన్ల గురించి రాసినది. అందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, అది రెండు భాషల్లో ఉంది: ఇంగ్లీషులో, హంగేరియన్‌లో. తల్లిదండ్రులు ఒక భాషలో, పిల్లలు ఇంకో భాషలో చదువుకోవచ్చు. పిల్లలకి సొంత భాష రాదని విసుక్కోవడం కన్నా ఇది ఎంతో మెరుగైన దారి అని నా అభిప్రాయం.

పిల్లలూ, ఆ యుద్ధంలో జూలియస్ స్టాహెల్ అనే జనరల్ ఉండేవాడు. 1864లో పీడ్‌మాంట్ యుద్ధంలో చూపిన ధైర్యానికి ఆయనకి ‘మెడల్ ఆఫ్ ఆనర్’ వచ్చింది. ఆయనదీ సెగెడే! పుట్టినప్పుడు ఇంటిపేరు సామ్‌వాల్డ్. పేరు ఇలా మారిపోయినవాళ్ళు ఎవరో, ఏ ఊరివాళ్ళో యాభై ఏళ్ళ తరవాత తెలుసుకోవాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. పులిట్జర్ బహుమతి పేరు విన్నారు కదా? ఆ పులిట్జర్ కూడా సెగెడ్ దగ్గరి మాకో అనే ఊరివాడే. పదిహేడేళ్ళ వయసులో వచ్చి లింకన్ సైన్యంలో చేరాడు.

న్యూజెర్సీలో ఉన్న మన కుటుంబాలకి ఈ కథ మరీ దగ్గరది. 1956లో హంగేరీలో తిరుగుబాటును సోవియట్ సైన్యం అణిచేశాక, 30 వేలమందికి పైగా శరణార్థులు క్యాంప్ కిల్మర్‌లో దిగారు. ఎడిసన్, పిస్కాటవేల మధ్య ఉన్న సైనిక శిబిరం అది. ఈనాడు మనవాళ్ళు కిరాణా కొట్లకీ, గుడికీ తిరిగే రోడ్లకి అది ఎంతో దూరం లేదు. ఒకప్పుడు సంచి కూడా లేకుండా వచ్చినవాళ్ళు తొలిసారి అమెరికా అన్నం తిన్నది అక్కడే. అప్పటికి వష్వారి గారికి 68 ఏళ్ళు.

ఆయన 1977లో కన్నుమూశారు. ఆ జీవితకాలపు సేకరణ అంతా పుట్టిన ఊరికి, సెగెడ్‌లోని షొమొజీ గ్రంథాలయానికి చేరింది. అమెరికాలో హంగేరియన్ల చరిత్ర రాసేవాళ్ళు అట్లాంటిక్ దాటి ఆ ఊరికి వెళ్తున్నారు! 1988లో ఆయన వ్యాసాలు ‘మాజార్ అమెరికా’ పేరుతో పుస్తకంగా కూడా వచ్చాయి.

సరిగ్గా అదే 1977లో ఉత్తర అమెరికా తెలుగువాళ్ళు న్యూయార్క్‌లో తమ మొదటి మహాసభ జరుపుకున్నారు. ఆనాడు కుర్చీలు వేసినవాళ్ళు, వంట చేసినవాళ్ళు, ఇంటింటికీ ఫోన్ చేసి జనాన్ని పిలిచినవాళ్ళు ఎవరెవరో ఇప్పుడు ఎంతమందికి తెలుసు? మన కరపత్రాల మీద ‘శనివారం సాయంత్రం 5 గంటలకు’ అని ఉంటుంది కానీ సంవత్సరం ఉండదు. ఫొటో వెనక పేర్లు ఉండవు. పెద్దవాళ్ళు ఇల్లు మారి చిన్న ఫ్లాట్‌కి వెళ్ళేటప్పుడు గరాజ్‌లోని అట్టపెట్టెలు ముందుగా పోతున్నాయి. ఈ సెలవుల్లో తాతగారినో, పెద్దమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని ఒక పెట్టె తెరవండి. ఫొటోలో ఎవరెవరున్నారో అడిగి, వెనక పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ వద్దు, అచ్చు ఇటువైపు పడుతుంది.