వాన కురిసింది, జవాబు సున్నా!

మా బుక్కరాయసముద్రంలో వాన పడిందంటే ఇంటింటా అదే కబురు. మొన్న ఒక రాత్రి 20 మిల్లీమీటర్లు కురిసింది. తెల్లవారగానే, తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు "తాతా! మన అయిదెకరాల్లో ఎన్ని నీళ్లు పడ్డాయి?" అంది.

లెక్కల మేస్టారుగా రిటైరైన నాకు ఇంతకంటె ఏం కావాలి? ఎకరం నేలమీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,047 లీటర్లు. "కంప్యూటరునే అడుగమ్మా" అని, ఏడాదిగా నేను తయారుచేస్తున్న బేసిక్‌ను దాని ముందుంచాను.

ఇంతకీ బేసిక్ అంటే ఏమిటంటారా? 1964 మే 1న అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో పుట్టిన కంప్యూటరు భాష. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే లెక్కల ప్రొఫెసర్లు సృష్టించారు. సైన్సు చదవనివాడు కూడా యంత్రంచేత పని చేయించుకోగలగాలన్నది వారి కోరిక. మన దేశంలో 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద బడులకు వచ్చిన బి.బి.సి. మైక్రో మీద నేను దాన్ని నేర్చుకున్నాను. స్విచ్ వేస్తే చాలు, బేసిక్ సిద్ధంగా ఉండేది! ఇప్పుడైతే వెతికి తెచ్చుకోవాలి.

అందుకే నా బేసిక్‌లో ఒకటే తెర పెట్టాను: ఎడమపక్క రాత, కుడిపక్క జవాబు. పూర్వంలా వరుసలకు 10, 20 అని నంబర్లు వేయనక్కరలేదు. పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు.

పిల్ల చకచకా మూడు వరుసలు రాసింది:

వాన = 20
ఎకరాలు = 5
ప్రింట్ వాన * ఎకరం * 4047

రన్ నొక్కింది. జవాబు: 0.

"రాత్రంతా కురిసి ఒక్క చుక్కా లేదా!" అని తెల్లబోయింది. "నాకు లెక్కలు రావులే తాతా" అంటూ లేచిపోయింది.

నా గుండె కలుక్కుమంది. తప్పు దానిదా? ఒకచోట 'ఎకరాలు', మరోచోట 'ఎకరం' అని రాసింది, అంతే. విలువ ఇవ్వని పేరును సున్నాగా తీసుకోవడం చాలా పాత బేసిక్‌ల ఆచారం. నేనూ గుడ్డిగా అదే పాటించాను. నేను నేర్చుకున్న బి.బి.సి. బేసిక్ మాత్రం అలాంటిచోట ఆగి, ఆ పేరు లేదని చెప్పేది. ఆ సంగతే మరిచాను!

ఆ సాయంత్రమే కూర్చుని మార్చాను. మర్నాడు పిల్లను బతిమాలి, అవే మూడు వరుసలు మళ్లీ రాయించాను. ఈసారి తెరమీద ఇలా వచ్చింది: "మూడో వరుసలో 'ఎకరం' అన్నావు. దానికి విలువ ఇవ్వలేదు. 'ఎకరాలు' అనబోయావా?"

పిల్ల ఫక్కున నవ్వి దిద్దుకుంది. 4,04,700 లీటర్లు!

కొత్త బేసిక్‌కు రంగులు, బొమ్మలు, పాటలు ఎన్నయినా చేర్చవచ్చు. కాని తప్పు జరిగినప్పుడు నోరు మూసుకుని సున్నా చూపిస్తే, ఆ సున్నా తన తెలివికే వేశారనుకుంటుంది పసిమనసు.

"తాతా, మరి మన చెరువుమీద ఎన్ని పడ్డాయో?" అందింతలో.

"చెరువు ఎన్నెకరాలో కనుక్కుని రా" అన్నాను. అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.