బొక్కల సూప్‌లో దిగేది కాల్షియం కాదు

వంటల వీడియోల పుణ్యమా అని స్టాక్, బ్రాత్ అనే మాటలు మన వంటిళ్ళలోకి వచ్చాయి. వాటి వెంట అపోహలూ వచ్చాయి. నిజానికి మనకి ఇవేమీ కొత్త కాదు. పాయా మరిగే గిన్నెలో ఉన్నది స్టాకే. హైదరాబాద్ పెళ్ళి విందుల్లో ముందుగా వడ్డించే మరగ్ అనే మటన్ సూప్, బ్రాత్‌కి దగ్గరి చుట్టం.

అపోహ: రెండూ ఒకటే, పేర్లే వేరు.

స్టాక్‌కి ఎముకలు ముఖ్యం. కాళ్ళు, కీళ్ళు, మెడ, వీపు వేస్తారు, మాంసం అంతంతమాత్రమే. కోడి ఎముకలైతే మూడు నాలుగు గంటలు సన్న సెగ మీద కాగాలి. అప్పుడే కీళ్ళలో, తోలులో ఉన్న కొలాజెన్ జెలటిన్‌గా మారి నీళ్ళలోకి దిగుతుంది. బ్రాత్ అంటే మాంసం ఉడికిన నీళ్ళు. గంటా గంటన్నరలో అయిపోతుంది. ఉప్పూ మిరియాలూ వేసుకుని గిన్నెలో పోసుకుని తాగేయొచ్చు.

వంటలో తేడా కొట్టేది ఉప్పు దగ్గరే. స్టాక్ ఇంకో వంటకి పునాది కాబట్టి అందులో ఉప్పు వేయరు. పులావులోనో గ్రేవీలోనో పోసి ఇగరబెడితే నీళ్ళు పోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. ఉప్పేసిన బ్రాత్‌ని సగానికి ఇగరబెట్టి చూడండి, నోట పెట్టలేరు. డబ్బాల మీద మాత్రం ఈ రెండు పేర్లనీ కంపెనీలు ఇష్టమొచ్చినట్టు వాడతాయి. పేరు వదిలేసి, వెనకవైపు సోడియం ఎంతుందో చూడటం మేలు. 2014లో న్యూయార్క్‌లో షెఫ్ మార్కో కనోరా ‘బ్రోడో’ అనే దుకాణం తెరిచాక ఫ్యాషన్‌గా మారిన ‘బోన్ బ్రాత్’ కూడా, తయారీ చూస్తే, ఉప్పేసిన స్టాకే.

అపోహ: ఎముక విరిగితే కాళ్ళ సూప్ తాగాలి, అందులో బోలెడు కాల్షియం.

దీన్ని వదిలించడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ప్రేమతో చేసి పెట్టే సూప్ ఇది. ఎముకలో కాల్షియం ఉన్నమాట నిజమే. అది నీళ్ళలోకి దిగుతుందనుకోవడమే పొరపాటు. ఎన్ని గంటలు మరిగించినా దిగేది బహు స్వల్పం. 1934లో బ్రిటన్‌లో మెకాన్స్, షెల్డన్, విడ్డోసన్ అనే పరిశోధకులు ఎముకలతో, కూరగాయలతో కాచిన సూప్‌లను పరీక్షించి, పోషణలో ఇవి పాలకి సాటిరావని తేల్చారు. గ్లాసుడు పాలలో దాదాపు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వంద గ్రాముల రాగుల్లో అంతకంటే ఎక్కువే. కాస్త వెనిగరో నిమ్మరసమో వేసినంత మాత్రాన లెక్క పెద్దగా మారదు.

మరి జెలటిన్? మోకాళ్ళ గుజ్జు అరిగిందని పాయా తాగేవాళ్ళున్నారు. తాగిన జెలటిన్ కడుపులో అరిగి అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా విడిపోతుంది. నేరుగా మోకాలికి వెళ్ళే దారి దానికి లేదు. పైగా అది సంపూర్ణ ప్రోటీనూ కాదు, ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అందులో లేదు. ఈ పాఠం ప్యారిస్ ఎప్పుడో నేర్చుకుంది. 19వ శతాబ్దం తొలినాళ్ళలో అక్కడ ఆసుపత్రుల్లో, పేదలకి మాంసానికి బదులు ఎముకల జెలటిన్ సూప్ పోశారు. శరీరధర్మ శాస్త్రవేత్త మజాందీ నాయకత్వంలోని సంఘం కుక్కల మీద పరీక్షించి, జెలటిన్ ఒక్కదాని మీదే అవి బతకలేవని 1841లో నివేదిక ఇచ్చింది.

అలాగని పాయా మానేయమని కాదు. పెదాలకి అంటుకునే ఆ జిగురు, ఆ రుచి చాలవా? మందు పేరు లేకుండానే తాగొచ్చు.

అపోహ: ఫ్రిజ్‌లో గడ్డకట్టి తొణుకుతోందంటే పాడైనట్టే.

బాగా కుదిరినట్టు. జెలటిన్ సరిపడా దిగిందనడానికి అదే గుర్తు, వేడి చేస్తే కరిగిపోతుంది. పైన తెల్లగా పేరుకున్నది కొవ్వు. భయపడాల్సింది రాత్రంతా పొయ్యి మీదే వదిలేసిన గిన్నె గురించి. మరుగుకి కూడా చావని బాక్టీరియా బీజాలు కొన్నుంటాయి, గిన్నె మెల్లగా చల్లారుతుంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. పొద్దున్నే మళ్ళీ మరిగించినా కొన్ని విషాలు పోవు. వెడల్పాటి గిన్నెల్లోకి వంచి, చన్నీళ్ళలో పెట్టి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

అపోహ: కుక్కర్‌లో చేస్తే స్టాక్ కుదరదు.

కుక్కర్ పుట్టిందే ఎముకల కోసం! 1679లో శాస్త్రవేత్త డెనీ పాపిన్ లండన్ రాయల్ సొసైటీకి చూపించిన ఆవిరి పాత్ర ఎముకల్ని మెత్తబరచడానికి చేసినదే. కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, కాబట్టి కొలాజెన్ త్వరగా కరుగుతుంది. కిటుకల్లా సెగలో ఉంది. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, స్టవ్ ఆపాక ఆవిరి దానంతట అదే పోయేదాకా మూత జోలికి వెళ్ళకూడదు. ఆవిరి ఒక్కసారిగా వదిలితే లోపల కుతకుతలాడి, కొవ్వు నీళ్ళలో కలిసిపోయి స్టాక్ మసకబారుతుంది.

మూత తీసి చేసేటప్పుడు తేలే నురగని చాలామంది మురికి అనుకుంటారు. అది వేడికి గడ్డకట్టిన ప్రోటీన్. తీసేస్తే స్టాక్ తేటగా ఉంటుంది, తీయకపోతే ప్రమాదమేమీ లేదు.

అపోహ: కూరగాయల స్టాక్ కూడా గంటల కొద్దీ మరగాలి.

కూరగాయల్లో కొలాజెన్ లేదు, దేనికోసం మరిగించాలి? ముప్పావు గంట చాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్ వేస్తే గంధకపు వాసన వస్తుంది, వాటిని పక్కన పెట్టండి. ఇక చిక్కదనం కావాలంటే పప్పు కట్టు ఉండనే ఉంది. చారులో కట్టు పోసే ఇంట్లో శాకాహార స్టాక్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

అపోహ: క్యూబ్ వేస్తే స్టాక్ వేసినట్టే.

స్విట్జర్లాండ్‌కి చెందిన జూలియస్ మాగీ కంపెనీ 1908లో తెచ్చిన ఈ క్యూబులో ఎక్కువ భాగం ఉప్పే. రుచి ఇస్తుంది గానీ, ఎముకలు ఇచ్చే చిక్కదనం ఇవ్వదు. అది వేసిన రోజు కూరలో ఉప్పు చివర్లో, రుచి చూశాకే వేయండి.